మీ అమ్మాయికి ఉల్లిపాయ వద్దు కదా

జూన్ 9

అక్కకి,

ఫోన్ చేస్తే నువ్వు కుట్టు మిషన్ ఆపవు. ఆ చప్పుడులో సగం నీకు వినపడదు, మిగతా సగం నీకు తోచినట్టు అర్థం చేసుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో. బావ పేపరు చదవడం అయితే ఆయనకీ వినిపించు.

నీ కూతురు బాగుంది. గువ్వ నా ఇంటికొచ్చి రెండు నెలలైనా ఇంట్లో ఒక మనిషి ఎక్కువైనట్టే లేదు. పొద్దున్నే పళ్ళ సెట్లు చేసే ల్యాబుకి పని నేర్చుకోవడానికి వెళ్తుంది, సాయంత్రం గోళ్ళ సందుల్లో ప్లాస్టరు పెట్టుకుని వస్తుంది. ఎవరో పెద్దాయనకి కింది వరస పళ్ళన్నీ తనే చేసిందట. "రంగు కలపడమే కష్టం పిన్నీ, మరీ తెల్లగా ఉంటే ఎవరూ నమ్మరు" అంది. నేను అద్దం ముందు నిలబడి నా పళ్ళు చూసుకున్నాను. అందరూ నమ్మే రంగులోనే ఉన్నాయి. మీ మరిది సంగతి తెలిసిందే, దూరం బస్సు నడిపే మనిషి, వారానికోసారి ఇంటి మొహం చూస్తే గొప్ప. కాబట్టి ఇంట్లో మేమిద్దరమే.

అసలు సంగతి చెప్తాను. మా కళ్ళజోళ్ళ షాపు వీధి చివర మెక్సికన్ హోటల్ ఒకటి తెరిచారు. అక్కడ కూర్చుంటే ఎవరూ వచ్చి అడగరు. లైన్లో నిలబడాలి. గాజు పలక అవతల గిన్నెలు వరసగా ఉంటాయి. ఒక్కో గిన్నె దగ్గరా ఆగి, ఇది వెయ్యి, ఇది వద్దు అని మనమే చెప్పుకోవాలి. ముందు, అన్నీ రొట్టెలో చుట్టాలా, గిన్నెలో వెయ్యాలా అంటారు. ఆ రొట్టె దిండు గలీబంత ఉంది. తర్వాత అన్నం, బీన్స్, మాంసం, మొక్కజొన్న గింజలు, సాల్సా అనే టమాటా పచ్చడి, పుల్లటి మీగడ, చీజు, చివర్లో నిమ్మ చెక్కలు, కరకరలాడే చిప్సు. నాకు చెమటలు పట్టాయి. నా ముందు అద్దాలు పెట్టుకునే వాళ్ళని రోజంతా "ఇది బాగుందా, ఇది బాగుందా" అని వేధిస్తాను కదా, ఆ పాపం అక్కడ తగిలింది.

గువ్వని చూడాల్సింది నువ్వు. "గిన్నెలో. అన్నం తక్కువ. నల్ల బీన్స్. మొక్కజొన్న ఇంకో గరిటె. ఉల్లిపాయ వద్దు. ఆ సాల్సాలో ఉల్లిపాయ ఉందా? అయితే అదీ వద్దు." నోట్లో నాలుక లేని పిల్ల అంటావే, ఆ పిల్లేనా అని నోరెళ్ళబెట్టాను. తలకి వల, చేతులకి తొడుగులు వేసుకున్న కౌంటర్ ఆవిడ నవ్వి, "ఏం కావాలో తెలిసిన పిల్ల" అంది.

ఇక నుంచి ప్రతి శుక్రవారం వెళ్దామనుకున్నాం. నువ్వు దిగులు పెట్టుకోకు, పిల్ల సుఖంగా ఉంది.

చేతికి ఇంకా నిమ్మకాయ వాసన వస్తున్న,
నీ చెల్లెలు

జూన్ 17

ఏమే,

నీ ఉత్తరం బావకి వినిపించలేదు. నేనే మళ్ళీ మళ్ళీ చదివాను. ఉల్లిపాయ దగ్గరికి వచ్చి ప్రతిసారీ ఆగిపోయాను.

ఉల్లిపాయ వద్దందా? నా ఇంట్లో ఏ కూరకైనా నేను ముందు తరిగేది ఉల్లిపాయే. ఆ పిల్ల ఒక్కనాడు ముక్క పక్కకి నెట్టలేదు. "ఇంకొంచెం వెయ్యనా" అంటే "ఊఁ" అనేది. వేసేదాన్ని. తినేది. మా పిల్లకి తిండి పేచీల్లేవని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాను. స్కూలు యూనిఫారాలకి కొలతలిస్తూ పిల్లలు అది తినం ఇది తినం అని ఏడిస్తే, వాళ్ళ తల్లుల్ని చూసి జాలిపడ్డాను కూడా.

అలాంటిది నాకు చెప్పని మాట, తలకి వల కట్టుకున్న ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పింది. నీ పక్కన నిలబడి చెప్పింది. పైగా నువ్వది నాకు పండగలా రాశావు.

ఫోన్ చేసి అడిగాను. "ఏమే, నీకు ఉల్లిపాయ పడదా?" అంటే "అదేం లేదమ్మా" అంది. "మరి పిన్ని రాసిందే" అంటే, "అక్కడ అడిగారు కాబట్టి చెప్పాను" అని పెట్టేసింది. అంటే నేను అడగలేదనా? కన్నతల్లి కౌంటర్ పెట్టుకుని కూర్చోవాలా?

నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ మాట విన్నప్పుడు నీకు సంతోషం వేసింది కదూ. అక్కకి తెలియనిది నాకు తెలిసిందని. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మ మిల్లు షిఫ్టుకి వెళ్తే నీకు జడలు వేసిందీ, ముద్దలు కలిపి పెట్టిందీ నేను. టమాటాలో గింజలు తీసి పెడితే గాని నోరు తెరిచేదానివి కాదు. అంత చేస్తే, అమ్మ ఇంటికి రాగానే ఆవిడ కొంగు పట్టుకుని "అక్క నాకు పెట్టలేదు" అనేదానివి. నేనవన్నీ మర్చిపోయానని అనుకోకు.

పిల్లని బాగా చూసుకుంటున్నందుకు సంతోషం. కానీ మరీ అంత బాగా చూసుకోకు.

కూరలో ఉల్లిపాయ వెయ్యాలా మానాలా తెలియక పొయ్యి దగ్గర నిలబడ్డ,
అక్క

జూన్ 26

అక్కకి,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఉల్లిపాయకి ఇంత గొడవా? పిల్ల వయసొచ్చింది, నోరు వచ్చింది, అంతే. నేనేదో నూరిపోసినట్టు మాట్లాడతావేంటి?

నిన్ను ఊరడిద్దామనే రాస్తున్నాను. గువ్వ నీ గురించి చెడ్డగా ఒక్క మాట అనలేదు. అసలు అది మాట్లాడేదే ఆ లైన్లో. శుక్రవారం సాయంత్రం లైను వీధిలోకి వస్తుంది. ఎదురుబొదురు కూర్చుంటే నోరు విప్పని పిల్ల, పక్కపక్కన నిలబడి గిన్నెల వైపు చూస్తుంటే మాత్రం అన్నీ చెప్తుంది. ల్యాబులో ఎవరు ఎవరితో మాట్లాడరో, తనకి ఏ రంగు గోడలంటే ఇష్టమో, అన్నీ. కౌంటర్ ఆవిడకి కూడా మేమంటే అభిమానం. మమ్మల్ని చూడగానే మొక్కజొన్న గరిటె తీస్తుంది.

ఇంకో మంచి మాట. ల్యాబు యజమానికి దాని చేతిపని నచ్చింది. నేర్చుకోవడం అయ్యాక ఇక్కడే ఉద్యోగం ఇస్తానన్నాడట. ఆగస్టు లోపు ఏ సంగతీ చెప్పాలి. అక్కడ మీ ఊళ్ళోని పళ్ళ డాక్టరు కూడా తీసుకుంటానన్నాడని నువ్వన్నావు, నాకు గుర్తుంది. నేను పిల్లతో ఏమీ అనలేదు. దాని ఇష్టం.

ఏమైనా కానీ అని, వెనక గదిలో మీ మరిది పడేసిన పాత సీట్లూ టైర్లూ తీయించాను. గోడలకి లేత ఆకుపచ్చ వేయించాను. ఒక బల్ల కొన్నాను. కిటికీకి కర్టెన్ లేదు, పొద్దున్నే ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. నీకంటే బాగా ఎవరు కుడతారు? కొలతలు పంపనా?

బావకి నా నమస్కారాలు చెప్పు.

నీ మీద కోపం రాని,
చెల్లెలు

జూలై 5

ఏమే,

కొలతలు పంపనా అని అడగడానికి నీకు నోరెలా వచ్చిందే? నా పిల్లని నీ ఇంట్లో అట్టిపెట్టుకోవడానికి నువ్వు గది కడిగించి, రంగు వేయించి, బల్ల కొని, ఆ గదికి కర్టెన్ నా చేత కుట్టిస్తావా? గుడ్డ కూడా నన్నే కొనమంటావా?

దాని ఇష్టం అంటూనే గోడలకి దానికి ఇష్టమైన రంగు పూయించావు. గువ్వకి లేత ఆకుపచ్చ ఇష్టమని నాకు తెలీదు. అదీ నీ ఉత్తరంలోనే తెలిసింది. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే.

నేనూ ఊరుకోలేదు. మొన్న సాయంత్రం నా కత్తిరింపు బల్ల ఖాళీ చేసి గిన్నెలన్నీ వరసగా పెట్టాను. అన్నం ఒకదాంట్లో, కూర ఒకదాంట్లో, వేయించినవి ఒకదాంట్లో, ఉల్లిపాయ విడిగా ఒకదాంట్లో. గువ్వ వచ్చినప్పుడు ఇలా పెట్టాలని. ముందు మీ బావ మీద పరీక్ష చేశాను. కంచం పట్టుకుని నిలబెట్టి, "ఏం కావాలో చెప్పండి" అన్నాను. మనిషి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. "నాకేదైనా జబ్బు చేసిందా, ఇంత మర్యాదగా అడుగుతున్నావు" అన్నాడు. "చెప్పండి" అంటే "అన్నీ వెయ్యి" అన్నాడు. అన్నీ వేశాను. కుర్చీలో కూర్చుని తిన్నాడు. ఈ ఇంట్లో నాకు దొరికిన సహాయం అదీ.

నేను వస్తున్నాను. వచ్చే శుక్రవారానికి అక్కడ ఉంటాను. ఆ లైనేంటో, ఆ గిన్నెలేంటో నేనూ చూస్తాను.

సూదిలో దారం ఎక్కించలేనంత కోపంగా ఉన్న,
అక్క

జూలై 9

అక్కకి,

రా. గువ్వకి చెప్పాను, మొహం వెలిగిపోయింది. వెనక గదిలో నీకు పక్క వేస్తాను. ఎండ పడుతుంది, మొహం మీద తువ్వాలు వేసుకోవాలి. కర్టెన్ సంగతి ఇక ఎత్తను.

చెల్లెలు

జూలై 22

ఏమే,

వచ్చేటప్పుడు బస్సు దగ్గర నేనెందుకు మాట్లాడలేదో నీకు తెలుసు. తెలియనట్టు "జాగ్రత్త అక్కా" అని నీళ్ళ సీసా చేతిలో పెట్టావు.

ఆ శుక్రవారం ఏం జరిగిందో రాస్తాను, నువ్వు మర్చిపోయానంటే పనికొస్తుంది. ముందు నువ్వు, నీ పక్కన గువ్వ, వెనక నేను. గాజు పలక దగ్గరికి వచ్చాం. ఆ తల వల ఆవిడ నిన్ను చూసి నవ్వి, గరిటె ఎత్తి, "మీ అమ్మాయికి ఉల్లిపాయ వద్దు కదా" అంది. నిన్ను చూసి అంది. నువ్వు తల ఊపావు. "మా అక్క కూతురు" అని మూడు మాటలు అనడానికి నీ నాలుక పడిపోయిందా? ఆవిడ నావైపు చూసి, "ఈవిడ చుట్టాలా?" అంది. నేను నా కూతురి వెనక చుట్టాన్నై నిలబడ్డాను.

తల కొట్టేసినట్టయింది. అక్కడ ఇంకొక్క నిమిషం ఉంటే ఏం మాట్లాడతానో అని వెళ్ళి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. మీరిద్దరూ తాపీగా గిన్నెలన్నీ దాటుకుంటూ వచ్చారు. నాకేం కావాలో ఒక్కరు అడగలేదు. ఏదో ఒకటి తెచ్చి ముందు పెట్టారు. తిన్నాను. ఏం తిన్నానో నాకే తెలీదు. మట్టి పెట్టినా తినేదాన్ని.

నీ మీద కోపం ఒక ఎత్తు. ఆ పిల్ల నోరు మూసుకుని ఉండటం ఒక ఎత్తు. ఉల్లిపాయ వద్దని చెప్పడానికి నోరొచ్చింది. ఈవిడే మా అమ్మ అని వెనక్కి చెయ్యి చూపించడానికి రాలేదు. నాకు కుళ్ళుగా ఉంది. ఎవరితో చెప్పుకోను? మీ బావతో చెప్తే "ఆవిడెవరో పొరపాటున అంది, వదిలెయ్" అన్నాడు. ఆయన్ని ఎవరైనా పొరపాటున పక్కింటాయన అంటే అప్పుడు తెలుస్తుంది.

నీకు లేకపోతే నాది తీసుకుంటావా? రాయకూడదని తెలుసు. రాసేశాను. కొట్టివేస్తే కింద కనపడుతుంది కాబట్టి అలాగే వదిలేస్తున్నాను.

ఆగస్టు లోపు అది ఏం చెప్తుందో నువ్వే ముందు వింటావు. విన్నాక తీరిగ్గా నాకు రాయి.

చుట్టం

ఆగస్టు 3

అక్కకి,

నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం చదివి ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాను. జవాబు రాయకూడదనుకున్నాను. వారం పైన అయింది. రాయకపోతే నువ్వన్నదే నిజమని ఒప్పుకున్నట్టు ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

మొదటిసారి ఆవిడ "మీ అమ్మాయా" అన్నప్పుడు గువ్వే చెప్పింది, "కాదు, మా పిన్ని" అని. ఆవిడ తల ఊపింది. వెనక జనం, పొయ్యి మీద చప్పుడు, రోజుకి ఎన్ని మొహాలో ఆవిడకి. మళ్ళీ శుక్రవారం మళ్ళీ అదే మాట. గువ్వ మళ్ళీ దిద్దబోయింది. నేనే మోచేత్తో పొడిచి, "పోనీలే, ఎన్నిసార్లు చెప్తాం" అన్నాను. పిల్ల నోరు మూయించింది నేను. దాన్ని ఏమీ అనకు. వారానికొకసారి, అర నిమిషం పాటు, ఎవరో నన్ను అలా అంటే బాగుంది. నిజంగా బాగుంది. నీకు రోజూ ఉన్నదే.

ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్వు విసురుగా వెళ్ళి కిటికీ పక్క కూర్చున్నావు కదా. నీకేం కావాలో ఎవరూ అడగలేదన్నావు. నిజమే, అడగలేదు. గువ్వకి అడగాల్సిన పని లేకపోయింది. "ఇంకో గిన్నె, మా అమ్మకి" అంది. గట్టిగానే అంది. కౌంటర్ ఆవిడ నావైపు చూస్తే, "ఈవిడ కాదు, అదిగో, అక్కడ కూర్చున్నావిడ" అని చెయ్యెత్తి చూపించింది. నువ్వప్పుడు వీధిలోకి చూస్తున్నావు.

తర్వాత మొదలుపెట్టింది. "అన్నం అంచు దగ్గరది వద్దు, మధ్యలో మెత్తగా ఉన్నది వెయ్యండి. బీన్స్ నీళ్ళు వంపేసి. కారం సాల్సా వద్దు, తింటానంటుంది గాని తినలేదు, ముద్దకీ ముద్దకీ నీళ్ళు తాగుతుంది. ఉల్లిపాయ బాగా. నిమ్మ చెక్కలు ఇంకో రెండు." చిప్సు దగ్గరికి వచ్చేసరికి డబ్బా అడుగుకి వచ్చింది, ఆవిడ విరిగిన ముక్కలు ఎత్తబోయింది. గువ్వ ఆవిడ చెయ్యి ఆపినంత పని చేసింది. "అవి కాదు. ఇంట్లో మాకు మంచివి పెట్టి విరిగినవీ మాడినవీ తను తింటుంది. అవంటేనే ఇష్టం అని చెప్తుంది. అబద్ధం. మా అమ్మకి నిండువి వెయ్యండి" అంది. ఆవిడ లోపలికి వెళ్ళి కొత్త సంచీ తెంపి తెచ్చింది. లైను మొత్తం ఆగింది.

నువ్వు మట్టిలా తిన్నది ఆ గిన్నె అక్కా.

ఇక నా గిన్నె సంగతి. ఇన్ని శుక్రవారాలు నా పక్కన నిలబడింది నీ కూతురు. ఆ రోజు నీది అయ్యాక నావైపు తిరిగి, "నీకేంటి పిన్నీ?" అంది. మర్యాదగా, ప్రేమగానే అడిగింది. ప్రతి వారం అడిగినట్టే. నాకు ఏం కావాలో దానికి తెలీదు. తెలుసుకోవాలని తోచలేదు. ఆవిడ నన్ను అమ్మ అంది, గువ్వ నీ గిన్నె చెప్పింది. నీకు కుళ్ళా? కుళ్ళంటే ఏంటో ఆ లైన్లో నిలబడి నేను చూశాను.

నేనే ముందు వింటానన్నావు. విన్నాను. గువ్వ ఇక్కడే ఉద్యోగంలో చేరుతుందట. కానీ నా వెనక గదిలో కాదు. ల్యాబుకి దగ్గర్లో, తోటి అమ్మాయిలిద్దరితో కలిసి గది తీసుకుంటుందట. "మీ ఇంట్లో నువ్వు నన్ను అడక్కముందే అన్నీ చేసేస్తావు పిన్నీ" అంది. నవ్వుతూనే అంది. ఆదివారం సామాన్లు తీసుకెళ్ళింది. నీకు ఫోన్ చేసి తనే చెప్తానంది.

నిన్న శుక్రవారం. నేను వెళ్ళలేదు.

నీ చెల్లెలు

ఆగస్టు 14

చెల్లికి,

గువ్వ ఫోన్ చేసింది. ఈసారి మిషన్ ఆపేశాను. గది గురించి చెప్పింది, అందులో ఉండే అమ్మాయిల గురించి చెప్పింది. వాళ్ళెవరో గాని ఇక ఆ కబుర్లన్నీ వాళ్ళకే. ఇప్పుడు వాళ్ళని చూసి కుళ్ళుకోవాలి మనం. నువ్వు కాస్త దగ్గర్లో ఉన్నావు కాబట్టి నీకు ఎక్కువ పని పడుతుంది.

దాన్ని ఏమీ అనలేదు. ఉల్లిపాయ ఒక్కటి అడిగాను. "ఎందుకు చెప్పలేదే ఇన్నేళ్ళు?" అంటే, "నువ్వు తరుగుతూ కళ్ళు తుడుచుకునేదానివి కదమ్మా. అంత కష్టపడి వేశాక వద్దని ఎలా చెప్తాను" అంది. ఫోన్ పెట్టేశాక నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, అప్పుడు నేనేమీ తరగడం లేదు. మీ బావ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి రెండు కప్పులు టీ పెట్టుకొచ్చాడు. చక్కెర ఎక్కువేశాడు. నాకు ఎంత కావాలో ఆయనకి తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు. ఈసారి చెప్పాను.

నేను రాసిన ఆ వాక్యం చింపెయ్. నీ సొరుగులో ఉంచకు. చింపి, చింపానని నాకు రాయి, అప్పటిదాకా నాకు అన్నం సహించదు.

కర్టెన్ కుట్టాను. లేత ఆకుపచ్చ గోడకి బాగుంటుందని పసుపు గుడ్డ తీసుకున్నాను. కొలతలు నువ్వు పంపలేదు. నేనా గదిలో పడుకున్న నాలుగు రోజులూ కిటికీ మూరలు వేసి చూసుకున్నాను, కోపంలో కూడా. గువ్వకి కాదు, అది నీ వెనక గదికే. ఇక నుంచి అక్కడ పడుకునేది నేను. బావని ఒక వారం అన్నీ ఆయనే వండుకోమన్నాను.

వచ్చే శుక్రవారం వస్తున్నాను. గువ్వని దాని పని నుంచి నేరుగా రమ్మన్నాను. లైన్లో ముందు నేను నిలబడతాను. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ తల వల ఆవిడకి ముందు చెప్పాకే గిన్నెల దగ్గరికి వెళ్తాం. అందులో మార్పు లేదు.

గువ్వది గువ్వ చెప్పుకుంటుంది. నువ్వు నా వెనక నిలబడు, నోరు మెదపకు. నీది నేను చెప్తాను. రొట్టెలో చుట్టమంటాను, నీకు గిన్నెలో తినడం చిన్నప్పుడే చిరాకు, అన్నీ చేత్తో పట్టుకు తిరుగుతూ తినేదానివి. అన్నం వేడిగా వద్దు, చల్లారాలి. చీజూ మీగడా మానమంటాను, పాలవాసన నీకు వికారం. సాల్సా వెయ్యమంటాను, కానీ ఆవిడతో చెప్పి టమాటా గింజలు తీయిస్తాను. తీయనంటే ఆ గరిటె నా చేతికి ఇమ్మంటాను.

అక్క